కోటయ్య అడిగిన ఒక్క గంట

1976 వానాకాలం నాటి మాట. బాన్సువాడ సర్కారు దవాఖానలో మలేరియా సర్వైలెన్స్ వర్కరుగా చేరి అప్పటికి నాకు మూడేళ్ళు. ఈ కొలువు ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు గనక రెండు ముక్కలు చెప్తాను. నా వంతుకు వచ్చిన ఊళ్ళను సెక్షన్ అనేవాళ్ళు. ఆ సెక్షన్‌లో ప్రతి ఇంటికీ పదిహేను రోజులకొకసారి పోవాలి. ఎవరికైనా జ్వరం ఉందా, వచ్చి పోయిందా అని అడగాలి. ఉంటే వేలు గుచ్చి బ్లడ్ స్లైడ్ తీయాలి, అంటే చిన్న గాజు పలక మీద నెత్తురు చుక్క పూసి ఆరబెట్టాలి. పరీక్ష అయ్యేలోగా నాలుగు క్లోరోక్విన్ గోళీలు నా కళ్ళ ముందే మింగించాలి. గుమ్మం పక్కన గోడ మీద గళ్ళు గీసి ఉండేవి, దాన్ని స్టెన్సిల్ అనేవాళ్ళం. అందులో తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇంటికి తాళం ఉంటే లాక్డ్ అన్న మాటకు గుర్తుగా ‘ఎల్’ రాసి ముందుకు పోవాలి.

నా సెక్షన్‌లో కాలువ పక్కన ఒక క్యాంపు ఉండేది. కాలువ నీళ్ళ కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల వాడలను మా దిక్కు క్యాంపులంటారు. అందులో చివరి ఇల్లు కోటయ్యది. నేను ఎప్పుడు పోయినా ఆ తలుపుకు బయటి నుంచి తాళం. లోపల మాత్రం గాజుల చప్పుడు వినిపించేది, ఒక్కోసారి ఎవరినో తిడుతున్నట్టు ఆడగొంతు. నేను ‘ఎల్’ రాసి పోయేవాణ్ణి. లోపల మనిషి ఉందని తెలిసీ మూడేళ్ళు అట్లాగే రాశాను.

ఒకసారి ఎదురింటి సుశీలమ్మను అడిగితే, “ఆయన భార్య రాఘవమ్మకు మతి స్థిమితం లేదండీ. కోటయ్యగారు పొలానికి పోతూ తాళం వేసుకుపోతారు” అంది. అంతే, ఆయన దుర్మార్గుడని నేను తీర్పు చెప్పేసుకున్నాను. అందుకు నాకు పెద్ద సాక్ష్యాలు అక్కర్లేకపోయాయి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చదువు పక్కన పెట్టి ఊరేగింపుల్లో తిరిగినవాణ్ణి. కోస్తా నుంచి వచ్చినాయన, అందులోనూ ఆడమనిషిని ఇంట్లో బంధించినాయన. ఇగ ఆయనలో మంచి ఏముంటదనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు క్యాంపుకు పోయాను. స్టెన్సిల్ దగ్గర పెన్సిలు తీస్తుంటే కిటికీ ఊచల వెనక నుంచి పిలుపు.

“బాబూ, కాస్త తలుపు తీస్తావా? దాహంగా ఉంది. కుండలో నీళ్ళయిపోయాయి.”

మాట నిదానంగా, మర్యాదగా ఉంది. మతి లేని మనిషి మాటలా లేదు. నాకు నెత్తికి రక్తం ఎక్కింది. సుశీలమ్మ తన గుమ్మంలో నుంచే, “వద్దండీ, ఆయన వచ్చేదాకా తీయకండి. నీళ్ళు కావాలంటే కిటికీలోంచి నేనిస్తాను” అంటూనే ఉంది.

“మనిషిని గొడ్డు లెక్క కట్టేస్తే మీరందరు చూసుకుంట కూసుంటరా?” అని ఆమె మీద అరిచాను. అరుగు కింద రాయి తీసుకొని కొట్టాను. తుప్పు పట్టిన తాళం, రెండు దెబ్బలకే ఊడింది.

రాఘవమ్మ బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. సుశీలమ్మ తెచ్చిన చెంబెడు నీళ్ళూ ఎత్తిన చెంబు దించకుండా తాగింది. “చల్లగా ఉండు నాయనా” అని దండం పెట్టింది. నేను ఛాతీ విరుచుకొని పక్క వీధిలోకి పోయాను. రెండు స్లైడ్లు తీసి తిరిగి వచ్చేసరికి అరుగు మీద ఆమె లేదు. ఏ పొరుగింట్లోనో కూర్చుని ఉంటుందనుకొని నేను సైకిలెక్కాను.

కాలువ గట్టు మీద కోటయ్య ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయేమో, మోకాళ్ళ దాకా బురద, భుజాన పార. వెనక నాట్లకు వచ్చిన కూలీలు అయిదారుగురు. నేను సైకిలు అడ్డం పెట్టాను.

“ఏమయ్యా, సిగ్గున్నదా నీకు? కట్టుకున్నదాన్ని కొట్టంల గొడ్డు లెక్క పెడ్తవా? ఇంకొకసారి తాళం కనబడ్డదంటే స్టేషన్ల కాయితం రాసిస్త.”

కూలీలు నిలబడి చూశారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోటయ్య తల వంచుకొని ఒక్కటే అడిగాడు. “తలుపు తీశారా బాబూ?”

“తీసిన. ఏం చేస్తవు?”

ఆయన నా సైకిలును తప్పించుకొని ఇంటి వైపు నడిచాడు. పరుగెత్తలేదు. ఆ సంగతి నేను గమనించి పెట్టుకున్నాను. సాయంత్రం దవాఖానలో అందరికీ చెప్పాను. “పెండ్లాం బయటికొచ్చిందంటే కూడా ఉరకలే సూడుండ్రి. అసలు ఫికరుంటే గదా” అన్నాను. మా కాంపౌండరు నా భుజం తట్టాడు.

మర్నాడు పొద్దున రిజిస్టరు రాస్తుంటే కోటయ్య దవాఖాన గేటు దగ్గరికి వచ్చాడు. బట్టలు మారలేదు, నిన్నటి బురద ఎండి అట్టలు కట్టి ఉంది. గొడవకు వచ్చాడనుకొని లేచాను. ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“బాబూ, మా ఆవిడ కనపట్టంలేదు. రాత్రంతా క్యాంపువాళ్ళు వెతికారు. అడిగినవాళ్ళకి ఆనవాలు చెబుదామంటే, తను నిన్న ఏ చీర కట్టుకుందో నాకు తెలీదు. నేను తెల్లారకముందే నీళ్ళు కట్టడానికి పోయాను. చివరిగా చూసింది మీరూ సుశీలమ్మా. సుశీలమ్మకి గుర్తులేదంటోంది. మీకేమైనా గుర్తుందా, ఏ రంగో?”

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా నా చేతిలోని రాయి, ఊడిన తాళం, ఆమె పెట్టిన దండం కనిపించాయి గానీ చీర రంగు కనిపించలేదు. నేను కాపాడాననుకున్న మనిషిని నేను చూడనే లేదు.

డాక్టరు గారికి చెప్పి సైకిలు తీశాను. కోటయ్యను వెనక కూర్చోబెట్టుకొని కాలువ వెంట పోయాం. ప్రతి తూము దగ్గరా ఆయన దిగి, వంగి, చెత్త ఆగిన చోట కర్రతో కదిపి చూసేవాడు. అట్లా వంగిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకున్నాను.

మధ్యాహ్నం ఒక వంతెన దగ్గర ఆయన కూలబడ్డాడు. పళ్ళు కొట్టుకునేంత వణుకు. మిట్ట ఎండలో వణికే మనిషిని చూస్తే ఏమిటో మా పనిలో ఉన్నవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. “అన్నా, నీకు జరమెప్పటి సంది వస్తున్నది?” అన్నాను. ఆయన్ను అన్నా అనడం అదే మొదలు.

“నెలనుంచి. రోజు విడిచి రోజు.”

“పదిహేను దినాలకోపారి మీ ఇంటికొస్తుంటి గదా. సుశీలమ్మకన్న చెప్పిపెట్టొద్దా?”

“చెబితే మందిచ్చి పడుకోమంటారు. నేను పడుకుంటే తనని ఎవరు చూస్తారు?”

వంతెన గోడ మీదే స్లైడు తీశాను. చెయ్యి చాపితే మణికట్టు పైన పళ్ళ గాట్లు, పాతవీ కొత్తవీ. ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. “తను చేసింది కాదు, రోగం చేసింది” అన్నాడు.

జ్వరం దిగేదాకా అక్కడే కూర్చున్నాం. అడగకుండానే చెప్పుకొచ్చాడు. క్యాంపుకు వచ్చిన మూడో ఏడు రాఘవమ్మకు చనిపోయిన తండ్రి గొంతు వినిపించడం మొదలైంది. కాలువలోంచి రమ్మని పిలుస్తున్నాడనేది. అన్నంలో విషం కలిపారని రోజుల తరబడి తినేది కాదు. ఆయన భూతవైద్యులకూ చూపించాడు, హైదరాబాద్ పెద్ద దవాఖానలోనూ రెండు నెలలు ఉంచాడు. గోళీలతో కొంత నెమ్మదించింది. తరువాత గోళీల కోసం తీసుకుపోతుంటే నడుస్తున్న బస్సులోంచి దూకబోయింది. ఆమెను వదిలి ఒక్కడే పోదామంటే రెండు రోజులు కావలి ఉండేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క కూతుర్ని తొమ్మిదో ఏటనే మేనమామ ఇంటికి పంపేశాడు. తాళం వేయకుండా తాను చేలోకి పోతే ఆమె కాలువలో ఉంటుంది. కాపలా ఉంటే చేను ఎండుతుంది. నిద్రపోయేటప్పుడు ఆమె కొంగు తన మణికట్టుకు ముడేసుకుంటాడట, లేస్తే మెలకువ వస్తుందని.

“పూర్తిగా పడుకుని అయిదేళ్ళయింది బాబూ” అన్నాడు. ఫిర్యాదులా అనలేదు.

నిన్న గట్టు మీద, అంతమంది ముందు, ఈయన్ను నేను సిగ్గుందా అని అడిగాను.

మూడో రోజు బాన్సువాడ బస్టాండులో ఒక కండక్టరు ఆచూకీ చెప్పాడు. తనలో తాను మాట్లాడుకునే ఒకామె మొన్న మధ్యాహ్నం ఎక్కి బిచ్కుందలో దిగిందట. అక్కడ అడిగితే మద్నూర్ రోడ్డు పట్టుకొని నడిచిందన్నారు. మద్నూర్ పెద్ద రోడ్డు మీద లారీలు ఆగే చోట వరసగా హోటళ్ళు. నాలుగో హోటలు గంగాబాయిది. మరాఠీ ఆమె. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని రాఘవమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చీర ఆకుపచ్చది.

పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒక చెవికి కమ్మ లేదు, చెవి తమ్మె చీరుకుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. దారిలో ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కోటయ్య అడగలేదు. నేను అడగడానికి ఏ ముఖం పెట్టుకొని అడగాలి?

గంగాబాయి కోటయ్యను చూసి, “హీ తుజీ బాయకో కా?” అంది, నీ పెళ్ళామా అని. ఆయన తల ఊపాడు. ఈమె కూడా ఇప్పుడు తిడుతుందనుకున్నాను. ఆమె తెలుగులోకి మారింది.

“తిన్నవా అన్నా?”

ఆయన ఆ ప్రశ్న అర్థం కానట్టు నిలబడిపోయాడు.

“ఆమె ఫికరు జేయకు. మొన్న పొద్దుగూకిన కాడ్నుంచి నా దగ్గర్నే ఉన్నది, ఇంత తిన్నది, పండుకున్నది. నువ్వే పడిపోయేటట్టున్నవు. కూసో మొదలు.”

రెండు జొన్నరొట్టెలు, పప్పు ముందు పెట్టింది. కోటయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకొని ఏడ్చాడు. రెండు రోజులు ఆయనతో తిరిగాను. జ్వరం అడిగాను, స్లైడు తీశాను, గోళీలు మింగించాను. తిన్నావా అని మాత్రం నేను అడగలేదు.

రాఘవమ్మ మొగుణ్ణి చూసి, “ఇతనెవరో నాకు తెలీదు. నేను పోను” అంది గంగాబాయితో. నేను చెయ్యి పట్టుకొని లేపబోయాను. కోటయ్య ఆపాడు. “వద్దు బాబూ. తనంతట తనే లేవాలి.” బల్ల మీద కూర్చున్నాడు. గంట గడిచింది. మరో గంట. ఆయన ఆమెను పిలవలేదు, ఆమె వైపు చూడలేదు. చివరికి ఆమె చాట కింద పెట్టి, “చేలో నీళ్ళు తీశావా, లేదా? నారు కుళ్ళిపోద్ది” అంది. “తీయలేదు. పద, ఇద్దరం పోయి తీద్దాం” అన్నాడు. లేచి ఆయన వెంట బస్సెక్కింది.

కోటయ్య స్లైడ్ పాజిటివ్ వచ్చింది. అట్లా వస్తే రాడికల్ ట్రీట్‌మెంట్ అని అయిదు రోజులు ప్రైమాక్విన్ గోళీలు ఇవ్వాలి. ఏ రోజు గోళీ ఆ రోజు నేను పోయి మింగించాలి. మొదటి రోజు గోళీ వేసుకొని, ఎంతో మొహమాటపడుతూ అడిగాడు.

“బాబూ, మీకు పనుందని తెలుసు. ఒక్క గంట అరుగు మీద కూర్చుంటారా? కొంచెం నడుం వాలుస్తాను.”

కూర్చున్నాను. ఆయన గుమ్మం లోపల నేల మీదే ఒరిగి, నేను సంచీ దించేలోగా నిద్రపోయాడు. మొదటి రెండు రోజులు రాఘవమ్మ తన లోకంలో తాను ఉంది. మూడో రోజు నన్ను గుర్తుపట్టింది. “వీడే, మా నాన్నని కాలవలోకి తోసినవాడు” అంది. చెంబు విసిరింది, నా మోచేతికి తగిలింది. నా సంచీ లాగి స్లైడ్ల పెట్టె నేలకేసి కొట్టింది. గాజుముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. అది విడిపించుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. అంతలోనే వాకిలి దాటి కాలువ దిక్కు నడిచింది. బతిమాలి వెనక్కి తెచ్చాను. మళ్ళీ నడిచింది. మళ్ళీ తెచ్చాను. గడియారం చూసుకుంటే ఇరవై నిమిషాలే గడిచాయి. కోటయ్యను లేపుదామంటే ఆయన నోరు తెరుచుకొని చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. క్యాంపు వీధి ఖాళీగా ఉంది, అంతా నాట్లకు పోయారు.

నాలుగోసారి ఆమెను లోపలికి తెచ్చి, నేను బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టాను.

ఎవరూ చూడలేదు. అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె తలుపు బాదుతోంది. నాకు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. నేను ఆమెను చూసుకున్నది ఒక గంటలో సగం కూడా కాదు.

చప్పుడుకు కోటయ్య లేచాడు. లోపలి నుంచి, “బాబూ, గొళ్ళెం తీయండి” అన్నాడు. తీశాను. నా మొహం చూసి ఆయనకు అంతా తెలిసిపోయింది. ఆమెను కూర్చోబెట్టి, అన్నం కలిపి, ముందు తాను ఒక ముద్ద తిని చూపించి ఆమెకు పెట్టాడు. ఆ తరువాత అరుగు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మీరు బాధపడకండి. మీకొకటి చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మీరు తలుపు తీశానన్నారు కదా. ఇంటికొచ్చాను. తలుపు తీసుంది, తను లేదు. కేకేసి నలుగుర్నీ పిలవాలి కదా? పిలవలేదు. మంచం మీద కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వాలాను. నిద్రపోయాను బాబూ. లేచేసరికి పొద్దు వాలింది. తను ఏ నీళ్ళలో ఉందో తెలీకుండా నేను నిద్రపోయాను. ఇంకా చెప్పాలంటే, తలుపు తీసి ఉండటం చూడగానే ముందు నాకు ప్రాణం తేలికపడింది. భయం తరవాత వచ్చింది.”

ఆయన ఎందుకు పరుగెత్తలేదో అప్పుడు తెలిసింది. నేను ఆ నడకను దవాఖానలో కథగా చెప్పి భుజం తట్టించుకున్నాను. “రేపటి గోళి యాది మరువకు అన్నా” అని ఏదో అని లేచాను.

తరువాత చేయగలిగింది కొంత చేశాను. మా డాక్టరు గారు హైదరాబాద్‌కు ఉత్తరం రాసి, రాఘవమ్మ గోళీలు నెలనెలా బాన్సువాడకే వచ్చేటట్టు చూశారు. ఆమె బాగుపడలేదు గానీ కాలువ దిక్కు పోవడం తగ్గింది. సుశీలమ్మ దగ్గరకు పోయి అరిచినందుకు క్షమించమన్నాను. ఆమె కూడా వీలైనప్పుడు కాసేపు వచ్చి కూర్చునేది. పదిహేను రోజులకొకసారి నేను పోయినప్పుడు కోటయ్యకు ఒక గంట నిద్ర. ఏడాదిన్నర అట్లా సాగింది.

1978లో నన్ను పెద్ద కొడప్‌గల్ సెక్షన్‌కు మార్చారు. కొత్త వర్కరుకు అన్నీ అప్పజెప్పాను. ఇళ్ళ జాబితా, స్లైడ్ల పెట్టె, సూదులు, రిజిస్టరు. కోటయ్య గంట గురించి చెప్పలేదు. మరిచిపోయానని అనలేను. చెప్తే, డ్యూటీ వదిలి ఒక ఇంట్లో గంట కూర్చునేవాడని పైవాళ్ళకు తెలుస్తుందేమోనని జంకాను. కోటయ్యకు కూడా బదిలీ సంగతి చెప్పకుండానే పోయాను. తాళం పగలగొట్టిన నాడు నాకు బుద్ధి లేదు. ఈసారి అన్నీ తెలిసే చేశాను.

నేను ఇన్‌స్పెక్టరునయ్యాక కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాణ్ణి. ఇట్లాంటి రోగి ఉన్న ఇంటికి పోతే, తలుపు తీసిన మనిషి ముఖం కూడా చూడండి, తిన్నాడా పడుకున్నాడా అడగండి, కాసేపు కూర్చోమంటే కూర్చోండి, మీరు బదిలీ అయితే మీ తరువాత వచ్చేవాడికి నోటితో చెప్పి పోండి, రిజిస్టరులో దానికి గడి ఉండదు అని. మంచి మాటలే. వినేవాళ్ళు నన్ను దయగల మనిషి అనుకునేవాళ్ళు. అప్పుడు నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

కోటయ్యను చివరిసారి చూసింది 1980లో, బాన్సువాడ బస్టాండులో. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు, పక్కన రాఘవమ్మ. భూమి అమ్మేసి ఆమె అన్నగారి ఊరికి పోతున్నామన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి నిజంగా సంతోషించాడు. “మీరు వెళ్ళాక ఎవరూ కూర్చోలేదు బాబూ. వాళ్ళకీ పనులుంటాయి కదా. సుశీలమ్మకీ మోకాళ్ళు పట్టేశాయి. నాకింక ఓపిక చాల్లేదు” అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు.

ఆ తరువాత అడిగాడు. “ఒక్క అయిదు నిమిషాలు తన చెయ్యి పట్టుకుంటారా?”

పట్టుకున్నాను. ఆయన రోడ్డు దాటి హోటలు ముందు నిలబడి చాయ్ తీసుకున్నాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకొని, మా వైపు వీపు పెట్టి, దేన్నీ చూడకుండా తాగాడు. తొందరేమీ లేదన్నట్టు, ఒక్కో గుక్కే. బస్సు వచ్చి ఆగింది. నేను ఆయన్ను పిలవలేదు. కండక్టరు దగ్గరికి పోయి, పెద్దమనిషి చాయ్ తాగుతున్నడు, రెండు నిమిషాలు ఆపమని బతిమాలాను.

ఆయన తిరిగి వచ్చేలోగా క్షమించమని అడగాలని మాటలు కూడబలుక్కున్నాను. గట్టు మీద తిట్టినందుకు, చెప్పకుండా పోయినందుకు. ఆయన వచ్చాడు, నా చేతిలోంచి రాఘవమ్మ చెయ్యి అందుకున్నాడు. ఆ మొహం చూస్తే ఒకటి అర్థమైంది. నేను అడిగితే ఆయన తప్పకుండా నన్ను ఓదారుస్తాడు. బస్సెక్కే తొందరలో, ఒక చేత్తో మూటలు, ఇంకో చేత్తో ఆమెను పట్టుకొని, నన్ను కూడా సముదాయించే పని ఆయన మీదే పడుతుంది.

అందుకని అడగలేదు. మూటలు అందుకొని బస్సులో పెట్టి దిగాను.